ఖాళీగా వదిలిన గడి

"సూది గుచ్చేముందు పేషెంటుకి ఒక్క మాట చెప్పాలని మీకెవరూ నేర్పలేదా?"

తొలిరోజే సీనియర్ డాక్టర్ ముహన్నద్ జూనియర్ రువైదాతో అన్న మాట అది. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లోని ఆ ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్ల పని చూసి ఫారం నింపాల్సింది సీనియర్లు. మిగతావాళ్లు చూడకుండానే "బాగుంది" అని టిక్కు కొట్టేసేవాళ్లు. ఇతను మాత్రం మంచం పక్కనే నిలబడి చూసి, "సరిదిద్దుకోవాల్సినవి" అన్న గడి నిండా రాసేవాడు.

రువైదా చదివి మూతి ముడుచుకుంది. మర్నాడు కొత్త ఫారం మళ్లీ అతని దగ్గరికే తెచ్చింది.

"నిన్నటి తిట్లు సరిపోలేదా?"

"నిజంగా చూసేది మీరొక్కరే డాక్టర్. ఏం చేస్తాం, నా ఖర్మ."

అలా ఎనిమిది ఫారాలయ్యాయి. ఆమె యాలకుల కాఫీ తేవడం, అతను తప్పులు చెప్పడం ఇద్దరికీ అలవాటైపోయింది. మనసెప్పుడు పారేసుకున్నాడో పాపం అతనికే తెలీదు.

తొమ్మిదో ఫారం రోజు వాన. పేషెంటు ఓ పెద్దాయన, చుట్టూ నలుగురు కొడుకులు. గుండీలు విప్పమనడానికి మొహమాటపడి రువైదా, ఒంటికి ఆనించాల్సిన స్టెతస్కోపుని ఆయన చొక్కా మీదే పెట్టి గుండె చప్పుడు వింది. ముహన్నద్ చూశాడు. పెన్ను తీశాడు.

"ఈసారి తప్పులేం దొరకలేదా?" తడిసిన జుట్టు సర్దుకుంటూ నవ్వింది.

ఆ నవ్వు చెడగొట్టబుద్ధి కాలేదు. "ఏం లేవు," అని గడి ఖాళీగా వదిలేశాడు.

రెండు నెలలకు బోర్డు పరీక్షలో సరిగ్గా ఆ తప్పుకే ఆమెను ఫెయిల్ చేశారు.

"ఆ రోజు పక్కనే ఉన్నారుగా. చూడలేదా?"

"చూశాను."

"మరి?"

"బాధపడతారని..."

"ఇప్పుడు పడటం లేదా?"

కాఫీ కప్పు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ వారమే ఇర్బిద్ అనే వేరే ఊరికి బదిలీ చేయించుకుంది. ముహన్నద్ ఫోన్ చేద్దామనుకుంటూనే ఏడాది గడిపేశాడు. ఈలోగా ఆమె నిశ్చితార్థం మిఠాయి వార్డుకి వచ్చింది. అతనూ ఓ ముక్క తిన్నాడు.

ఆ మర్నాడే, సీనియర్ల గురించి జూనియర్లు పేరు లేకుండా రాసిన, ఏడాదికోసారి ఇచ్చే ఫారాలు చేతికొచ్చాయి. అన్నింటికన్నా పాతది, రువైదా వెళ్లిపోయిన వారం నాటిది. "సరిదిద్దుకోవాల్సినవి" గడి నిండా ఉంది.

"ఈయనకి మొహమాటం ఎక్కువ. ఇష్టమైనవాళ్లకి తప్పు చెప్పలేరు. ఇష్టమనీ చెప్పలేరు. రెండింటిలో ఏ ఒక్కటి చెప్పినా ఉండిపోయేదాన్ని."

కింద "చదివాను" అని సంతకం పెట్టాలి. పెట్టాడు.