రాజన్న స్వయంగా హాజరు కావాలి

పురానాపూల్‌కు చెడ్డ పేరు ఇవాళ వచ్చింది కాదు. అమావాస్యకు అటూ ఇటూ రోజుల్లో, చీకటి పడ్డాక, ఆ వంతెన నడుమ గజ్జెల చప్పుడు వినిపిస్తుందని మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. వెనకటికి ఎవరో నాట్యకత్తె కోసం కట్టించిన వంతెన అని ఒక మాట ఉంది కదా, ఆవిడే ఇంకా తిరుగుతోందని కొందరు. కాదు, పక్కనే శ్మశానం ఉంది, అక్కడి నుంచి వచ్చేవాళ్ళని కొందరు. మూసీ వాసన పీలుస్తూ అన్నేళ్ళు ఒకే చోట తిరిగే ఓపిక బతికున్నవాళ్ళకే లేదు, చచ్చినవాళ్ళకు ఎక్కడిది అని నేను నవ్వేవాణ్ణి.

ఎమర్జెన్సీ పోయిన ఏడాది, దీపావళి అయిన వారంలో, మా పక్కింటి ఇస్సాకు నా నవ్వు ఆపించాడు.

ఇస్సాకు సర్కారు బండ్ల ఆఫీసులో, అంటే బండ్లకు నంబర్లిచ్చే చోట, అటెండరు. దెయ్యాలను నమ్మడం పాపమని ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి మరీ మాకు చెప్పే మనిషి. అలాంటివాడు ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, చాయ్ చల్లారిపోతున్నా తాగకుండా, "భాయ్... మా రామ్‌చందర్ సారుకు కనబడ్డది" అన్నాడు.

ఏం కనబడిందో చెప్పే ముందు ట్రాక్టరు సంగతి చెప్పాలి.

పురానాపూల్ దర్వాజాకు ఇవతల రాజన్న అని బర్రెలాయన ఉండేవాడు. ఆయనకు ప్రాణంతో సమానమైనవి రెండే. ఒకటి, ఎవరో దొర వదిలించుకున్న పాత ట్రాక్టరు. బూడిద రంగుది. లండన్ నుంచి వచ్చిందట, అందుకే దాన్ని లండన్ ట్రాక్టరు అనేవాళ్ళు. రెండోది బాద్‌షా అనే దున్నపోతు. ఏటా దీపావళి వెళ్ళాక వచ్చే సదర్ పండుగకు బాద్‌షాకు ఒళ్ళంతా గొరిగించి, నూనె రాసి, గవ్వల దండలు వేసి, కాళ్ళకు గజ్జెలు కట్టి ఊరేగించేవాడు. ఇత్తడి గుండీల ఖాకీ కోటు, ఎర్ర రుమాలు వేసుకుని, గజ్జెల కట్టె ఆడిస్తూ తాను ముందు నడిచేవాడు. ఆ కట్టె చప్పుడు ఎటు పోతే బాద్‌షా అటు.

అప్పటికి రెండేళ్ళ కిందే రాజన్న పోయాడు. ట్రాక్టరు, దున్నపోతు, బర్రెలు కొడుకు ఎల్లయ్యకు వచ్చాయి. మా ఇంటికి పాలు పోసేది ఈ ఎల్లయ్యే. పాలల్లో నీళ్ళు కలుపుతాడు, కాని మంచినీళ్ళే కలుపుతాడు.

ఆ ఏడు వానలకు ఎల్లయ్య ఇంటి కప్పు కారింది. పెట్టెలో కాగితాలు తడిస్తే, భార్య బుచ్చమ్మ వాటిని మంచం మీద ఎండబెట్టింది. గుంజ నుంచి ఊడిపోయిన ఒక బర్రె వచ్చి అన్నీ మేసేసింది. ట్రాక్టరు కాగితాలు పోయాయి. రాజన్నను కాల్చినట్టు కాటివాళ్ళు ఇచ్చిన చీటీ పోయింది. ఇన్ని సర్కారు ముద్రలు మింగిన బర్రె ఆ పూట పాలు తక్కువేమీ ఇవ్వలేదు. ఎల్లయ్యకే అన్నం సహించలేదు.

ఎందుకంటే అప్పటికే పోలీసులు ట్రాక్టరును ఒకసారి ఆపారు. కాగితాల్లేకుండా మళ్ళీ రోడ్డు మీద కనిపిస్తే పాత ఇనుము కింద తూకానికి పోతుందన్నారు. ట్రాక్టరు లేకపోతే మూసీ కింది పొలాల నుంచి పచ్చగడ్డి రాదు. గడ్డి లేక బర్రెలు ఎముకలు తేలుతున్నాయి. బాద్‌షాను కొంటానని ఒక బేరగాడు రోజూ గడప తొక్కుతున్నాడు. నెలలోగా ట్రాక్టరు పాస్ కాకపోతే వాడికి ఇచ్చెయ్యడమే దిక్కు.

"బాద్‌షాను అమ్మితె మా అయ్య రెండోసారి సచ్చినట్టే అన్నా," అని నాతో అన్నాడు ఎల్లయ్య.

ఠాణాకు పోయి కాగితాలు పోయాయని రాసిమ్మంటే, పోయినవి అంటే వెతకాలి, బర్రె కడుపులో ఉన్నవి పోయినట్టు కాదు అన్నారు. అప్పుడు బండ్ల ఆఫీసుకు పోయాడు. అక్కడ గుమాస్తా రామ్‌చందర్.

"ఓనరు ఎవలు?" అన్నాడు రామ్‌చందర్.

"మా అయ్య సార్, రాజన్న. సచ్చిపోయిండు."

"సచ్చిపోయినట్టు కాయితం?"

"అది గూడ బర్రె తిన్నది సార్."

రామ్‌చందర్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "చూడు ఎల్లయ్యా. కాయితం లేదంటే మా లెక్కల మీ అయ్య బతికే ఉన్నడు. బతికున్న ఓనరు స్వయంగా హాజరు కావాలె. బండి గూడ రావాలె. ఇన్‌స్పెక్టర్ సాబ్ సూడాలె."

"రిజిస్ట్రేషన్ లేకుంట రోడ్డెక్కితె పోలీసోళ్లు పట్టుకుంటరు సార్."

"అయితె రిజిస్ట్రేషన్ చేయించుకో."

"అందుకే గద సార్ వచ్చిన."

"మరి బండి తీస్కరా. మీ అయ్యను తీస్కరా. సదర్ అయిన రెండో రోజు పొద్దున వరకు టైమిస్తున్న. ఆ తర్వాత నన్ను అడగకు."

దరఖాస్తుకు ఎల్లయ్య తండ్రి ఫొటో ఒకటి అంటించాడు. సదర్ నాడు తీసింది. ఖాకీ కోటు, ఎర్ర రుమాలు. రామ్‌చందర్ ఆ ఫొటోను తేరిపార చూసి, మనిషి గట్టిగానే ఉన్నడు గద, రావడానికి ఏం కష్టం అన్నాడట. కాటి నుంచి ఆఫీసుకు ఎంత దూరమో ఆయన లెక్క కట్టినట్టు లేదు.

ఇక ఇస్సాకు చెప్పింది.

సదర్ అయిన మర్నాటి రాత్రి. తెల్లవారితే ఎల్లయ్యకు ఇచ్చిన గడువు. రామ్‌చందర్ హుస్సేనీ ఆలంలో బామ్మర్ది ఇంట్లో పండుగ భోజనం కడుపునిండా తిని, ధూల్‌పేట్‌లోని ఇంటికి సైకిల్ మీద బయలుదేరాడు. కొత్త సైకిల్. భార్య సుశీలమ్మ దాని సీటుకు ఆకుపచ్చ మఖ్మల్ గుడ్డ కుట్టి, చుట్టూ పసుపు కుచ్చులు పెట్టింది. ఆఫీసులో ఆ సీటు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు.

పూల్ ఎక్కేసరికి వీధి దీపాల్లేవు. నడుమకు వచ్చేసరికి చైను ఊడింది. కాలు ఆగగానే డైనమో దీపం ఆరిపోయింది...

చీకటి.

వంగి, తడుముకుంటూ చైను ఎక్కిస్తున్నాడు. అప్పుడు వినిపించింది —

ఘల్... ఘల్...

వెనక నుంచి. తొందరేమీ లేదు. ఎవరో తీరిగ్గా నడుస్తున్నట్టు. రామ్‌చందర్ తల ఎత్తలేదు. నూనె అంటిన చేతులతోనే చెవులు మూసుకున్నాడు. చప్పుడు దగ్గరికి వచ్చింది... పక్కకు వచ్చింది... దాటి ముందుకు పోయింది. చూస్తే అక్కడ ఎవరూ లేరు.

అమ్మయ్య అనుకునేలోపు వెనక ఇంకోటి మొదలైంది. కిర్రు... కిర్రు... ఇనుప చప్పుడు. వెచ్చటి ఊపిరి ఒకటి ఆయన చెంపకు తగిలింది. తర్వాత చీకట్లోంచి పెద్ద పెద్ద చక్రాలు వచ్చాయి. ట్రాక్టరు. ఇంజను చప్పుడు లేదు. దీపం లేదు. తనంతట తాను నడిచి వస్తోంది.

సీటు మీద మనిషి. నక్షత్రాల వెలుతురుకు ఇత్తడి గుండీలు మెరిశాయి. తలకు రుమాలు.

ట్రాక్టరు ఆగింది.

రామ్‌చందర్‌ది ముప్ఫై ఏళ్ళ నౌకరీ కదా, ప్రశ్న దానంతట అదే వచ్చింది.

"ఎ... ఎవలది బండి?"

పై నుంచి గుసగుసగా జవాబు. "రాజన్నది."

"ఏడికి?"

"బండ్ల ఆఫీసుకు... రామ్‌చందర్ సారు హాజరు కమ్మన్నడు."

సైకిల్ అక్కడే పడింది. రామ్‌చందర్ పరుగెత్తాడు. పరుగెత్తుతుంటే తెలిసింది, ముందు గజ్జెలున్నాయి, వెనక రాజన్న ఉన్నాడు. కళ్ళు మూసుకుని గజ్జెల్లోంచే దూకి, ధూల్‌పేట్‌లో అమ్ముడుపోని వినాయకులను పెట్టిన షెడ్డులో దూరి, ఒక విగ్రహం కాళ్ళు పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాడు.

పొద్దున ఆఫీసుకు వస్తే ఆవరణలో ట్రాక్టరు ఉంది. ఆ గేటుకు తాళం పోయి ఏళ్ళయింది, ఎప్పుడు ఎవరు తెచ్చారో ఎవరికీ తెలీదు. ట్రాక్టరు వెనక తాడుతో కట్టి, ఆకుపచ్చ సీటు సైకిల్. పక్కన చేతులు కట్టుకుని ఎల్లయ్య.

రామ్‌చందర్ దూరం నుంచే అడిగాడు. "మీ అయ్య... ఏడి?"

"పోయిండు సార్. మీకు చెప్పిన గద."

రామ్‌చందర్ వెంటనే దరఖాస్తు బయటికి తీశాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఇంజను మోగించి చూసి, ట్రాక్టరు మీద చెక్కిన నంబరుకు కాగితం అద్ది, అచ్చు దిగేలా పెన్సిల్ రుద్దుకుని పోయాడు. మధ్యాహ్నానికి ముద్రలన్నీ పడ్డాయి. ఆ ఆఫీసు పుట్టాక అంత తొందరగా జరిగిన పని అదొక్కటేనట. సైకిల్ పూల్ మీద దొరికింది, ఎవరిది అని ఎల్లయ్య అందర్నీ అడిగాడు. రామ్‌చందర్‌ను కూడా అడిగాడు. నాది కాదన్నాడు రామ్‌చందర్.

ఇస్సాకు చల్లారిన చాయ్ తాగేసి వెళ్ళిపోయాడు. నేను ఆ రాత్రి నీళ్ళు తక్కువ తాగి పడుకున్నాను, మధ్యలో లేచి దొడ్లోకి పోవాల్సి వస్తుందని.

తెల్లారింది. వాకిట్లో గంట మోగింది. ఎల్లయ్య పాలు తెచ్చాడు. సైకిల్ మీద. ఆకుపచ్చ మఖ్మల్ సీటు, పసుపు కుచ్చులు.

రెక్క పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి అడిగితే, దాచకుండా చెప్పాడు.

"ఇంజను పెడితె గద అన్నా పోలీసులు పట్టేది? దున్నపోతు గుంజితె అది దున్నపోతు బండే గద. దానికి రిజిస్ట్రేషన్ ఎవలడుగుతరు?"

"మరి రాత్రిపూట ఎందుకు?"

"సదర్ల ఊరేగినోణ్ణి కాడికి కట్టిన అని తెలిస్తె మా కులపోళ్లు మొఖం మీద ఉమ్ముతరు. మా బర్రెలోళ్లు ఒక్కలు చెయ్యరు ఆ పని. పానం ఒప్పలే గాని... ఇంకేం చేద్దు?"

బాద్‌షా ఒంటి మీద సదర్ నూనె ఇంకా ఆరలేదు. కాలిన పెనం లాంటి నలుపు. ఆ చీకట్లో వాడు రామ్‌చందర్‌కే కాదు, వాడి అమ్మకు కూడా కనిపించడు. కోటు, రుమాలు సంగతి అడిగితే, చలి పెడుతోందని బుచ్చమ్మే అయ్యవి తీసిచ్చిందట. పొద్దున విప్పి సీటు కింద పెట్టాడు. బాద్‌షాను ఆఫీసు వెనక తుమ్మచెట్టుకు కట్టేశాడు.

"పూల్ మీద ఎవడో కూసున్నడన్నా. పోలీసోడనుకున్న. ఎవలదంటె ఉన్నదున్నట్టు చెప్పిన. ఉరికిండు. ఆయన రామ్‌చందర్ సారా?"

నేను నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను. పాల గిన్నె ఒలికి ఇంట్లోవాళ్ళు కేకలేసినా నవ్వాను. చచ్చినవాడు రావాలని రాతకోతలతో కూర్చున్నవాడికి, వచ్చాడనుకునేసరికి సొంత సైకిల్ కూడా పరాయిదైంది. ఇంతకంటే న్యాయం ఏ కోర్టులో జరుగుతుంది?

"అంత తెలివి చేసినవు గాని, ఆ గజ్జెలొక్కటి ఇప్పితె అయిపోవు గద ఎల్లయ్యా. పాపం సారుకు గుండె ఆగేది."

ఎల్లయ్య నా ముఖంలోకి చూశాడు. "ఏ గజ్జెలు?"

"బాద్‌షా కాళ్లవి."

"అవి ఇంట్ల గూటానికి తగిలిచ్చే పోయిన అన్నా. చప్పుడైతె పోలీసోడు లేస్తడని కాళ్లకు గోనె గుడ్డలు గూడ కట్టిన."

నాకు నవ్వు సగంలో ఆగింది. రామ్‌చందర్ విన్నది చెప్పాను. ముందు గజ్జెలు దాటిపోయాయని, ఆ తర్వాతే ట్రాక్టరు వచ్చిందని. భయపడ్డవాడికి ముందూ వెనకా తెలియదులే అని రాత్రి అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించలేదు.

ఎల్లయ్య మెల్లగా అన్నాడు. "పూల్ మొదట్ల బాద్‌షా ఆగిపోయిండన్నా. ఎన్నడూ కాడి ఎత్తనోడు గద. బతిమాలిన. కొట్టిన గూడ... ఇగ కాదు, వాపస్ పోయి పొద్దున బేరగానికి అప్పజెప్తా అనుకున్న. గప్పుడు చెవులు నిక్కబెట్టిండు. ఎవలో పిలిచినట్టు నడిచిండు. సదర్ల నడిచినట్టే..."

"నీకేం వినబడలేదా?"

"నాకేం వినబడలే."

"మీ అయ్య గజ్జెల కట్టె... అది ఏది?"

"అయ్య పక్కనే పెట్టి కాలవెట్టినం అన్నా. కాటిల."

వాకిట్లో ఎండ వస్తోంది. ఎల్లయ్య రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

"అయ్య వచ్చిండంటవా అన్నా?"

"సర్కారు రమ్మన్నది గద ఎల్లయ్యా," అన్నాను.

ఎగతాళికే అన్నాను. మా ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.