తోక సైకిలు

"ఓడలరేవు దాకా ఈ సైకిల్ మీదా?"

క్రిస్టీనా తల ఎత్తలేదు. సైకిలు ముందు చక్రాన్ని రెండు వేళ్లతో నొక్కి చూస్తున్న చెయ్యి ఒక్కటే ఆమెకి కనిపించింది. దాని నిండా గ్రీజు మరకలు.

"ఆయ్, ఈ సైకిల్ మీదే."

"ఇది స్కూల్లో ఇచ్చింది కదండీ? తొమ్మిదో తరగతిలో?"

"అయితే?"

"అయితే ఏం లేదండి. గాలి గట్టిగా ఉంది. ఆ ముందు బుట్ట తీసేయండి. హ్యాండిల్ తిప్పేసి పడేస్తుంది."

"బుట్ట ఉండాలి."

"ఏముందేంటి అందులో? పులిహోరా?"

పక్కనున్న వాళ్లు నవ్వారు. క్రిస్టీనా బుట్ట మీద చెయ్యి వేసింది. బుట్టలో తన రెయిన్‌కోటుతో చుట్టి, తాడుతో కట్టిన కట్ట ఉంది.

శనివారం రాత్రి పది గంటలు. కొత్తపేట బస్టాండు ముందు పదహారు సైకిళ్లు. పదిహేనింటికి గేర్లున్నాయి. అమలాపురం సైకిల్ క్లబ్బు వాళ్లు మూడు నెలలకోసారి ఇక్కణ్నించి రాత్రంతా తొక్కి ఓడలరేవు వెళ్తారు, సముద్రం మీద సూర్యోదయం చూస్తారు. ఈసారి బంగాళాఖాతంలో అల్పపీడనం కూడా బయల్దేరింది. అయినా ఎవరూ మానలేదు.

వీరబాబు మాస్టారు విజిల్ ఊదాడు. ఆయన హైస్కూల్లో ఆటల మాస్టారు, క్లబ్బుకి పెద్ద.

"ముందు నేనుంటాను. ఆఖర్న గంగబాబు ఉంటాడు. గంగబాబంటే మన తోక. తోక ఎవర్నీ దాటకూడదు. ఎవరు బాగా వెనకబడితే వాళ్ల వెనకే ఉండాలి. తోక వెనక వ్యాను. అలిసిపోతే ఎక్కేయండి, సిగ్గేం లేదు."

గ్రీజు చేతుల అబ్బాయి తల ఊపాడు. అమలాపురంలో సైకిల్ షాపు అతనిది. క్లబ్బు సైకిళ్లన్నీ అతని చేతి కిందే ఉంటాయి.

క్రిస్టీనా వ్యాను వైపు చూసింది. డ్రైవరు సీట్లో తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషి వెంటనే మొహం అటు తిప్పుకున్నాడు.

ఆయన పేరు దేవసహాయం. క్రిస్టీనా వాళ్ల నాన్న.

ఆ సంగతి ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

పది రోజుల క్రితం క్రిస్టీనాకి ఉద్యోగం ఆర్డరు వచ్చింది. సముద్రం పక్కన చినపాలెం పోస్టాఫీసు. ఆఫీసు చూసుకోవడం, ఉత్తరాలు పంచడం రెండూ ఆమే. అల్లవరంలో పిన్ని ఇంట్లో ఉండి రోజూ సైకిల్ మీద వెళ్లి రావాలి. సోమవారం చేరకపోతే పోయినట్టే.

దేవసహాయం ఆర్డరు కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"కొబ్బరికాయలు ఎత్తడానికి ఆ రోడ్డుకి వెళ్తూనే ఉంటానమ్మా. వానాకాలం నా వ్యానే వణుకుద్ది అక్కడ. నీకు పంతొమ్మిదేళ్లు. నలుగురిలో మాట్లాడాలంటేనే గొంతు రాదు. ఎలా చేస్తావు?"

క్రిస్టీనాకి నిజంగానే గొంతు రాలేదు. ఆ రాత్రి డైరీలో రాసుకుంది: 'మాట్లాడటం రాకపోతేనేం, తొక్కడం వచ్చు.' తెల్లారాక ఆ పేజీ తీసి నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టింది.

దేవసహాయం చదివాడు. చాలాసేపు ఆలోచించాడు. అప్పటికే క్లబ్బు వాళ్లు ఆయన వ్యాను మాట్లాడుకున్నారు.

"సరే. వాన వస్తాదంటున్నారు. నేనో కట్ట కాగితాలు కట్టిస్తాను. క్లబ్బు వాళ్లతో ఓడలరేవు దాకా నువ్వే తొక్కాలి. కట్ట తడవకూడదు. వ్యాను ఎక్కేవా, ఆ ఉద్యోగం మాట మళ్లీ ఎత్తకూడదు. ఇంకోటి, నేను మీ నాన్ననని చెప్పకు. చెప్తే అందరూ నిన్ను చంటిపిల్లలా చూస్తారు."

అదీ సంగతి.

*

ముక్తేశ్వరం రాకుండానే క్రిస్టీనా అందరికన్నా వెనకబడిపోయింది. ముందు వెళ్లే ఎర్ర లైట్లు ఒక్కొక్కటీ మలుపుల్లో మాయమయ్యాయి. వెనక మాత్రం ఒక సైకిలు చప్పుడు ఆగకుండా వస్తోంది. ఆమె నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తోంది.

క్రిస్టీనా చటుక్కున బ్రేకు వేసి దిగింది.

"ఎందుకు నా వెనకే వస్తున్నారు? వెళ్లండి ముందుకి!"

"వెళ్లకూడదండీ. నేను తోకని."

"నేనే పొమ్మంటున్నాను కదా."

"మీరు పొమ్మంటే పోయే తోక కాదండి ఇది. మాస్టారు తగిలించిన తోక."

నవ్వు వచ్చింది కానీ ఆమె ఆపుకుంది. మళ్లీ ఎక్కి తొక్కింది. వాన మొదలైంది. ముందు సన్నగా, తర్వాత ఎవరో బకెట్టుతో కుమ్మరిస్తున్నట్టు.

"ఏవండీ! రెయిన్‌కోటు మూటకి చుట్టేరేంటి? మీరు వేసుకోండి!"

"వినపడట్లేదు!"

"కోటండీ, కోటు!"

"వెనక నుంచి అరిస్తే వినపడదు. పక్కకి వచ్చి చెప్పండి!"

"తోక పక్కకి కూడా రాకూడదండీ!"

"అయితే మాట్లాడకండి!"

అమలాపురం చేరేసరికి ఒంటిగంట దాటింది. టీ కొట్టు రేకుల కింద అందరూ గజగజలాడుతూ నిలబడ్డారు. ఏడుగురు ఇక మావల్ల కాదన్నారు. వాళ్లది ఆ ఊరే. ఇళ్లకి పోయారు.

గంగబాబు రెండు టీలు పట్టుకుని వ్యాను దగ్గరికి వెళ్లాడు. ఒకటి డ్రైవరుకి ఇచ్చాడు.

"తీసుకోండి బాబాయిగారూ. ఆ బుట్ట సైకిలు అమ్మాయిని చూసేరా? కోటు మూటకి వేసి తను తడుస్తుంది. ఈ వానలో ఇలా పంపించేరంటే ఆ నాన్నెవరో గానీ, బుద్ధుందంటారా?"

దేవసహాయం టీ గుటక మింగాడు.

"లేదంటావా?"

"ఆయ్, అసల్లేదండి."

"అమ్మాయే మొండిదేమో."

"మొండితనం కాదండి అది. మూడు గంటల్నించి చూస్తున్నాను. ఒక్కసారి కూడా వ్యాను వంక తిరగలేదు. ఎవరికో మాటిచ్చినట్టు తొక్కుతుంది."

"మూడు గంటల్నించీ చూస్తున్నావా? ఏం చూస్తున్నావేంటి?"

గంగబాబుకి పొలమారింది.

"సైకిల్ వెనక ఎర్ర లైటండీ! లైటే!"

దేవసహాయం ఖాళీ గ్లాసు అతని చేతిలో పెట్టాడు. "లైటే చూడు," అన్నాడు.

*

అల్లవరం చేరాక వాన తగ్గింది కానీ గాలి పెరిగింది. మాస్టారు విజిల్ ఊది అందర్నీ ఆపాడు.

"ఇక్కడే ఆగిపోదాం. వెలుగొచ్చేక చూద్దాం."

అందరూ బడి వరండాలోకి ఎక్కారు. క్రిస్టీనా మాత్రం సైకిలు దిగలేదు. ఆమె వేళ్లు తెల్లగా ముడతలు పడ్డాయి. ఎనిమిది మంది తన వైపే చూస్తున్నారు. అందరి ముందు మాట్లాడాలి.

"నేను... నేను వెళ్తానండి మాస్టారూ. తడబడితే దిగి నడిపించుకుంటూ వెళ్తాను. కానీ ఆగనండి."

అంత పెద్ద మాట తన గొంతులోంచే వచ్చిందని ఆమెకే నమ్మకం కలగలేదు.

మాస్టారు నెత్తి గోక్కున్నాడు. "నువ్వు ఆగకపోతే గంగబాబు ఆగకూడదు. గంగబాబు ఆగకపోతే వ్యాను ఆగకూడదు. ఏమయ్యా డ్రైవరూ, వెళ్తావా?"

చీకట్లోంచి గొంతు వినిపించింది. "రాత్రంతా లైట్లేసి దారి చూపిస్తూనే వచ్చేనండి. ఇంకాస్త చూపిస్తాను."

మాస్టారు ఆమె బ్రేకులు తనే పట్టి చూశాడు. "రోడ్డు మధ్యలోనే ఉండు. గాలి తోస్తే దిగిపో. గంగబాబూ, పది నిమిషాలకోసారి ఫోన్ చెయ్యి."

ఆ రోడ్డుకి రెండు వైపులా రొయ్యల చెరువులే. చాటుకి చెట్టు లేదు. గాలి ఏ అడ్డూ లేకుండా వచ్చి మీద పడుతోంది. క్రిస్టీనా తల దించి, ఒక్కో తొక్కుడూ లెక్కపెట్టుకుంటూ వెళ్తోంది. వ్యాను లైట్ల వెలుగులో తన నీడే ముందు పొడుగ్గా పరుగెడుతోంది. దాని వెనకే ఇంకో నీడ.

ఒక్క విసురు వచ్చింది. బుట్ట హ్యాండిల్‌ని గిరుక్కున తిప్పేసింది. సైకిలు ఒక పక్కకి పడింది, క్రిస్టీనా ఇంకో పక్కకి. కట్ట దొర్లుకుంటూ చెరువు గట్టు అంచుకి పోయింది.

మోకాళ్ల మీదే పాకి కట్టని గుండెలకి అదుముకుంది.

గంగబాబు సైకిలు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "దెబ్బ తగిలిందా? మోచెయ్యి చూపించండి. ఆ మూట వదలండి ముందు!"

వెనక వ్యాను కీచుమంటూ ఆగింది. డ్రైవరు తలుపు తీశాడు. ఒక కాలు కింద పెట్టాడు. అక్కడే ఆగిపోయాడు. తలుపుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటండీ బాబాయిగారూ!" గంగబాబు కేక వేశాడు. "ఆడపిల్ల పడిపోతే చూస్తూ నిలబడతారేంటి? మనిషా, రాయా మీరు?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. వాన లేదప్పుడు.

"ఆయన్నేమీ అనకండి," అంది క్రిస్టీనా.

"అంత విలువైంది ఏముందండీ ఇందులో?"

"చినపాలెం పోస్టు."

"ఏ చినపాలెం?"

"ఓడలరేవు దగ్గరిది. సోమవారం నుంచి నేనక్కడ పోస్టు ఉద్యోగం చెయ్యాలి. ఈ కాగితాలు తడవకుండా తీసుకెళ్లగలిగితేనే ఇంట్లో పంపిస్తారు. వ్యాను ఎక్కకూడదు."

గంగబాబు రోడ్డు మీద అలాగే కూర్చుండిపోయాడు.

"చినపాలెం మా ఊరండీ! మా అమ్మ అక్కడే ఉంటుంది. పాత పోస్టుమాస్టారు రిటైరయ్యేక ఆఫీసుకి తాళమే. అమ్మకి చదువు రాదు. ఏ కాగితం వచ్చినా ఎవరో ఒకరు చదివిపెట్టాలి. మీరు చదువుతారా?"

"చదువుతాను. ముందు చేరనివ్వండి."

ఊడిన చైను అతను అందుకోబోయాడు. "నేనే వేసుకోవాలి," అని ఆమే వేసుకుంది. అతను టార్చి మాత్రం పట్టుకున్నాడు. వెలుగు చైను మీద కన్నా ఆమె మొహం మీదే ఎక్కువ పడింది.

"చైను కిందుందండీ," అంది ఆమె.

"ఆయ్," అని టార్చి దించాడు.

*

ఓడలరేవులో సూర్యుడు రాలేదు. మబ్బుల వెనక ఎక్కడో తెల్లారింది. సముద్రం బూడిద రంగులో కొండలా లేచి విరిగి పడుతోంది. క్రిస్టీనా ఇసుక దాకా తొక్కింది. ముందు చక్రం కూరుకుపోయి సైకిలు ఆగింది. అప్పుడు దిగింది.

వ్యాను వచ్చి ఆగింది. దేవసహాయం దిగి నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు. మోచేతి మీద ఎండిన రక్తం చూశాడు. తన తువ్వాలు తీసి ఆమె భుజాల చుట్టూ కప్పాడు.

"కట్ట విప్పమ్మా."

"నాన్నా, నువ్వే విప్పు. చేతులు రావట్లేదు."

గంగబాబు చేతిలో ఉన్న సైకిలు పంపు ఇసుకలో పడింది.

"నా... నాన్నా?"

"ఆ బుద్ధిలేనివాణ్ని నేనే బాబూ," అన్నాడు దేవసహాయం తాడు విప్పుతూ. "రాయి కూడా నేనే."

గంగబాబు సముద్రం వైపు చూశాడు. అందులోకి నడిచి వెళ్లిపోదామా అన్నట్టుంది అతని వాలకం.

కోటు విప్పారు. పాత పేపర్లు పొడిగా ఉన్నాయి. దేవసహాయం వాటిని ఒక్కొక్కటే తీసి, మధ్యలోంచి పొడుగాటి గోధుమరంగు కవరు తీశాడు. కూతురి చేతిలో పెట్టాడు.

అది ఆమె ఆర్డరు.

"బీరువాలో ఉందన్నావు కదా!"

"నిన్న మధ్యాహ్నం తీసేను."

"నాన్నా! తడిసిపోయుంటే?"

"నువ్వు తడుస్తావు గానీ దాన్ని తడవనివ్వవు. అది నాకు తెలుసమ్మా. నీ చేత్తో నువ్వే తెచ్చుకుంటే బాగుంటాదనుకున్నాను." ఆయన పాత పేపర్లు మళ్లీ చుట్టాడు. "పద, చర్చి టైముకి ఇంటికెళ్లాలి. ఇప్పుడు వ్యాను ఎక్కొచ్చు."

క్రిస్టీనా ఎక్కే ముందు వెనక్కి తిరిగింది. గంగబాబు అలల దగ్గరికి వెళ్లకుండా దూరంగానే నిలబడి ఉన్నాడు.

"నీళ్లలో కాళ్లు పెట్టరా?"

"అందరూ పెట్టేక తోక పెట్టాలండి."

ఆమె చెప్పులు విడిచింది. పరుగెత్తి అలలో కాళ్లు తడిపి వచ్చింది.

"నాది అయిపోయింది. ఇంక మీదే."

*

సోమవారం క్రిస్టీనా ఉద్యోగంలో చేరింది. గురువారం సంచీలో ఏడు ఉత్తరాలు వచ్చాయి. ఆరు కవర్లు, ఒక పోస్టుకార్డు. కార్డు మీద 'అమ్మాజీ గారికి, చినపాలెం' అని ఉంది.

అమ్మాజీ వాకిట్లో వల బాగుచేస్తోంది. ఆమె కళ్లు, నవ్వు అచ్చం కొడుకు గంగబాబువే.

"అమలాపురం నుంచా? మావాడే! రోజూ ఫోన్ చేస్తాడు కదా, కార్డెందుకు రాసేడంటావు? చదువమ్మా."

క్రిస్టీనా చదవడం మొదలుపెట్టింది.

"అమ్మా, నేను బాగున్నాను. ఈ కార్డు చదువుతున్న అమ్మాయిని ముందు కూర్చోబెట్టి వేడిగా ఏదైనా ఇవ్వు. తడిసినా చెప్పదు, చలేసినా చెప్పదు. దెబ్బ తగిలిన మోచెయ్యి తగ్గిందో లేదో చూడు. నేనడిగితే..."

ఆగిపోయింది.

"ఆపేవేంటమ్మా? చదివిపెడతానని మావాడికి మాటిచ్చేవట కదా."

ఇచ్చింది. మాటిస్తే ఆపకూడదు. కార్డుని మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకుని చదివింది.

"నేనడిగితే కోప్పడుతుంది. ఆ రాత్రి చూసింది సైకిల్ లైటు కాదు. వాళ్ల నాన్నగారికి నిన్న వెళ్లి నిజం చెప్పేసేను. ఆయన 'మా అమ్మాయిని అడుగు, అది ఏమంటే అదే' అన్నారు. ఎదురుగా అడిగే ధైర్యం నాకు లేదు. అందుకే నీకు రాస్తున్నాను."

అమ్మాజీ వల పక్కన పెట్టింది.

"కొత్త కార్డుందా నీ సంచీలో?"

"ఉందండి."

"జవాబు రాయి."

"ఏం రాయమంటారండీ?"

"నన్నడుగుతావేంటే తల్లీ? అడిగింది నన్నా?" అని నవ్వుతూ ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.

క్రిస్టీనా అరుగు మీద కూర్చుంది. రోజూ డైరీలో పేజీలు నింపే అమ్మాయి రెండు వాక్యాలు రాసేసరికి టీ అంతా చల్లారిపోయింది.

సాయంత్రం ఆఫీసులో ఆ కార్డు మీద తేదీ ముద్ర తనే వేసింది. అక్షరాలు చెరిగిపోకుండా, గట్టిగా.

'ఈసారి ఓడలరేవు వెళ్లేటప్పుడు తోక పని ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. మీరు నా పక్కన రండి.'