మార్కండేయుడి బల్బు

అంజూర్ ఫాటా గోడౌన్‌లో బాంబు వైరు గుంజిన మరుక్షణం ఏజెంట్ ఓంప్రకాష్ పోయాడు. అతని చివరి కేక తోటి ఏజెంటు, దోస్తు పర్శరాములు ఇయర్‌పీస్‌లో పడింది: "వైరు ముట్టకు!" ఓంప్రకాష్ వైర్‌లెస్ సెట్టు అక్కడే అతనితో పాటు కాలిపోయింది. అయినా ఆ కేక పర్శరాములును నిద్రపోనివ్వడం లేదు.

"రెండో బాంబు నాగావ్ లూమ్ షెడ్డులో," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా పని. ట్రిగ్గర్ రీచార్జబుల్ బ్యాటరీ. చార్జ్ చేస్తే లోపలి లిథియం అయాన్లు ఒకవైపు నుంచి రెండోవైపుకు చేరతాయి. వాడితే వెనక్కి వస్తాయి. ఫుల్ అయిందా, పేలుతుంది."

"మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె లాగన్నమాట," అన్నాడు పర్శరాములు. కామత్‌ఘర్ నేతగాడి కొడుకు మరి.

"ముఠా వదిలి మనవైపు వచ్చిన వనిత చోటు చూపిస్తుంది. కోడ్ వర్డ్, కండె."

మెకానిక్ వేషంలో వెళ్ళాడు. నేతగాళ్ళ కులదైవం మార్కండేయుడి పటం ముందు చిన్న బల్బు, కింద నల్ల డబ్బా. దానిమీద చార్జి చూపే నాలుగు లైట్లలో మూడు వెలుగుతున్నాయి.

"కండె," అంది వనిత, నల్లకళ్ళద్దాలతో గుమ్మంలోనే ఆగి. "ఫుల్ అయితున్నది. చార్జింగ్ వైరు గుంజెయ్, జల్దీ!"

చెయ్యి చాచాడు. చెవిలో ఓంప్రకాష్: "వైరు ముట్టకు!" చెయ్యి గాల్లోనే ఆపాడు.

అంతలో షెడ్డులో నూలు కండెలు చుట్టే దుర్గవ్వ ఆ చేతిమీద ఒక్కటిచ్చింది. "ఏంది బిడ్డా, దేవుని బల్బు ఆర్పుతవా? కరెంటు పోతే సామి చీకట్ల ఉంటుండె. గందుకే మొన్న గీ డబ్బాకు బల్బు జోడిచ్చిన."

మొన్ననే పేలాల్సిన బాంబు! ఎక్కిన చార్జిని ఎక్కినట్టే బల్బు తాగేసింది. ముఠా లెక్కల్లో దేవుడు లేడు పాపం. మరి వనిత గుమ్మం దాటి లోపలికి రాదేం?

అతని చూపు పసిగట్టి, వనిత ఒక్క అంగలో వచ్చి బల్బు తీగ తెంపి పరుగెత్తింది. నాలుగో లైటు మినుకుమంది. వైరు గుంజమన్నది ఉచ్చే అని తెలిసి పర్శరాములు డబ్బా జోలికి పోలేదు. మెయిన్ స్విచ్ మీదికి దూకి కిందికి లాగాడు. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. నాలుగో లైటు ఆరింది.

తీగ మళ్ళీ కలిపి బల్బు ముందు కూర్చున్నాడు. అది బ్యాటరీని మెల్లగా ఖాళీ చేసి, ఎర్రబడి, ఆరిపోయింది. బాంబు చచ్చింది. వనిత గేటు దగ్గర కాపుకాసిన పోలీసులకు చిక్కింది.

ఆ నిశ్శబ్దంలో చెవి ఒగ్గి విన్నాడు. ఆ కేక లేదు. దోస్తు నిజంగా వెళ్ళిపోయాడని అప్పుడు తెలిసి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏడ్సుకో బిడ్డా," దుర్గవ్వ వీపు నిమిరింది. "గని సామి చీకట్ల ఉన్నడు."

డిపార్ట్‌మెంట్ టార్చి తీసి పటం ముందు వెలిగించి వచ్చాడు. అదెక్కడని చీఫ్ అడిగితే, "డ్యూటీలో ఉంది సార్," అన్నాడు.