రెండు పికప్‌ల మధ్య చెక్క

మా ఇంట్లో చల్లగా ఉండే చోటు ఒకటే. మగ్గం గుంట మీద మూసిన నాపబండ. ఎమ్మిగనూరు ఎండలో మధ్యాహ్నం పూట దాని మీద కూర్చుంటే ప్రాణం కుదుటపడుతుంది. నా కూతురు అశ్విని బేస్ గిటారు నేర్చుకున్నది ఆ బండ మీద కూర్చునే.

గుంట మా అత్త ఉచ్చీరమ్మది. దాంట్లోకి కాళ్ళు వేలాడేసుకొని, కింది పలకలు తొక్కుతా బతికినన్నాళ్ళూ నేసింది. నోరు చేసుకునే మనిషి కాదు. మనం చేసే పని తప్పితే నాలుకతో ‘చ్’ అనేది. అంతే. దానికంటే నాలుగు తిట్లు నయం అనిపించేది.

మగ్గానికి నిలువుగా కట్టిన పోగులు, అదే పడుగు, దాని మీద సగం బట్ట ఉండగానే పోయింది. మాలో ఒక పద్ధతి ఉంది. నేసే మనిషి పోతే మిగిలిన బట్టను ఆ ఇంటి మనిషే నేసి దించాల. దించేదాకా ఆ మగ్గం చెక్క ఏదీ ఇంకో పడుగు కిందికి పోకూడదు. నాకు నేత రాదు. మా ఆయనకూ రాదు, ఆయన బెంగళూరులో కట్టడం పనిలో ఉంటాడు. మిగిలిన బట్ట నేయకుండానే మగ్గం విప్పి చెక్కలు అటక ఎక్కించినాము. గుంట మీద బండ మూసినాము. తర్వాత దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇక అశ్విని వేళ్ళ సంగతి.

బేస్ గిటారుకి నాలుగు లావు తీగలుంటాయి. వాటి కింద రెండు నల్ల ప్లాస్టిక్ డబ్బీలు. వాటిని పికప్‌లంటారు. తీగ అదురును అవి పట్టి స్పీకరుకి పంపుతాయి. అశ్వినిది ఎవరో వాడి అమ్మిన గిటారు. పికప్‌ల అంచులు రేకు మాదిరి ఉంటాయి. తీగను మీటి వేలు కిందికి దిగిన ప్రతిసారీ ఆ అంచు తగులుతుంది. బొటనవేలు ఆనించేదీ దాని మీదే. రెండు పాటలకి చర్మం లేస్తుంది. ఆ తర్వాత రక్తం.

ఆదోనిలో మా ప్రార్థన కూటాలు జరుగుతాయి. అక్కడ బేస్ వాయించే పిల్లోడు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయినాడు. వాయించే బృందాన్ని నడిపే జోయల్ వచ్చే కూటాలకి అశ్వినిని రమ్మన్నాడు. కూటం మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఆపకుండా వాయించగలిగితే ఆ చోటు దానిదే. లేకపోతే కోడుమూరు నుంచి ఇంకొకరు వస్తారు. చదువు సగంలో వదిలేసిన పిల్ల. నెలల తరబడి మంచం దిగలేదు. ఆ గిటారు వచ్చినాకే లేచి తల దువ్వుకుంది. ఆ చోటు పోతే మళ్ళీ మంచమెక్కుతుందని నా భయం.

మేము చేయని పని లేదు. అంచులకి గరుకు కాగితం రుద్దినాము. గీతలు పడి ఇంకా గరుకైంది. కొవ్వొత్తి మైనం పూసినాము. చెమటకి కరిగి తీగలకి అంటుకుంది. స్పాంజి ముక్క అతికిస్తే ఊడి వచ్చింది. స్క్రూలు తిప్పి పికప్‌లను కిందికి దించితే వేలికి హాయిగానే ఉండింది, శబ్దం చచ్చిపోయింది.

“ఏమ్మా, బేస్ తెచ్చినావా, ఇంట్లోనే పెట్టి వచ్చినావా?” అన్నాడంట జోయల్, ప్రాక్టీసులో అందరి ముందర.

ఆ రోజు ఇంటికొచ్చి గిటారును మంచం మీదికి విసిరింది.

“దీన్ని చేసినోనికి వేళ్ళు లేవా మా? వేళ్ళున్నోడు ఎవడన్నా ఇట్ల చేస్తాడా?”

పసుపు పూయబోయినాను. చెయ్యి లాక్కుంది.

ఆదోనిలో గులాం మొహిద్దీన్ అని హార్మోనియాలు బాగుచేసే ఆయన ఉన్నాడంటే బస్సెక్కి పోయినాము. ఆయన గిటారును ఒళ్ళో పెట్టుకొని, పికప్‌ల మధ్య ఖాళీలో వేలు పెట్టి చూసినాడు.

“వేలు గుంతలో పడతాంది బేటీ. గుంతలో పడినాక అంచు తగలక ఏం జేస్తాది? ఈ రెండిటి మధ్యన చెక్క పెట్టాల, తీగలకి రవ్వంత కిందుగా. అప్పుడు వేలు లోపలికి దిగదు, పైపైనే పోతాది.”

“పెట్టియ్యి భాయ్,” అనింది అశ్విని.

“పెడతా. తీగల వంపు ఎట్లుందో చెక్క వంపు అట్ల రావాల. టైం పడతాది. మీయమ్మ మొకం చూస్తే ఇప్పుడే కావాలన్నట్టుంది.”

“ఇప్పుడే కావాల,” అన్నాను.

నవ్వి, టేకు ముక్క గీసి పెట్టినాడు. ఇంటికొచ్చి వాయిస్తే చెమటకి పాలిష్ జిగురైంది. పాలిష్ గీకేస్తే పేడు లేచి గోటి సందులో దిగింది. మళ్ళీ బస్సు. ఈసారి వేపచెక్క పెట్టినాడు. అది ఎండకి చీలింది. మళ్ళీ బస్సు. మూడోసారి మమ్మల్ని చూడగానే ఆయన తల పట్టుకున్నాడు.

“నా చిత్రికకి ఆ నునుపు రాదమ్మా. ఏండ్ల తరబడి మనిషి చెయ్యి అరగదీసిన చెక్క కావాల దీనికి. అట్లాంటిది యాడ తెచ్చేది నేను?”

యాడుందో నాకు గుర్తొచ్చింది.

మగ్గంలో పడుగు పోగుల్ని దువ్వెన మాదిరి విడదీసే పన్నె ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే చెక్క ఒకటుంటుంది. పోగు వేసిన ప్రతిసారీ ఎడమ చేత్తో దాన్ని పట్టి ఒంటి వైపు గుంజాల. మా అత్త చెయ్యి పడిన చోట అది సబ్బు మాదిరి అరిగి ఉంటుంది. అటక ఎక్కి దించినాను. ఆ చోటును చూసి రంపం బ్లేడుతో కోసినాను. పద్ధతి గుర్తు రాక కాదు. గిటారు తీగలు ఇనుము. నూలు లేదు, బట్ట లేదు. దాన్ని పడుగని ఎవరనుకుంటారు?

పికప్‌ల మధ్య పెట్టి చూసినాను. వంపు అట్లే సరిపోయింది. గీకే పనే పడలేదు. బంక పెట్టి అతికించినాను.

అశ్విని ఒక పాట వాయించింది. ఇంకోటి వాయించింది. వేళ్ళు తిప్పి చూసుకుంది.

“ఎట్లుందే?”

“మెత్తగా ఉంది మా. వేలు పోయి ఎవరి అరచేతిలోనో ఆనినట్టుంది.”

సంతోషమైంది. ఆ రోజు కోడి కోసినాను.

ఆ తర్వాత వాసన మొదలైంది. పులిసిన గంజి వాసన. పడుగుకి పూసే గంజి. వంటింట్లో గిన్నెలన్నీ కడిగినాను. చాపలు ఎండేసినాను. వాసన పోలేదు. చివరికి గోడకి ఆనించిన గిటారు దగ్గర ముక్కు పెట్టినాను... అక్కడే ఉంది.

జోయల్ ఫోన్ చేసినాడు. “ఆంటీ, పిల్లకి కొంచెం సెప్పండి. ఏ పాటైనా ఒకే నడకలోకి గుంజుతాంది. కాళ్ళు కూడా ఊరికే ఉండవు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఏదో తొక్కినట్ల.”

దాన్ని అడిగినాను.

“నేను కాళ్ళు ఊపడంల్యా మా.”

“ఊపుతాండావంట.”

“ఊపడంల్యా అంటాండా గదా. వేళ్ళు బాగైతే ఇప్పుడు కాళ్ళు పట్టుకున్నారా మీరు?”

దాని వేళ్ళు పట్టి చూసినాను. వేళ్ళు నిజంగానే బాగైనాయి. పుండ్లు మాని, చర్మం నున్నగా వచ్చింది.

కూటాలకి ముందు రోజు సాయంత్రం. అంగడికి పోయి వస్తాండాను. దుమ్ముగాలి లేచింది. పొద్దు ఇంకా ఉందిగాని ఆకాశం మట్టి రంగుకి తిరిగి వీధంతా చీకటి పడింది. కరెంటు పోయింది. మా ఇంటి మలుపులో నిలబడిపోయినాను.

మగ్గం ఆడే చప్పుడు వినబడుతాంది.

మా వీధిలో ఇప్పుడు మగ్గమున్న ఇల్లు ఒక్కటీ లేదు.

తలుపు తోసినాను. లోపల గాలి ఆడటం లేదు. గంజి వాసన గొంతుకి అడ్డం పడింది. గూట్లో అగ్గిపెట్టె కోసం తడుముతుంటే కాలికి బండ తగిలింది. నలుగురు మొగోళ్ళు పట్టి మూసిన బండ. పక్కకి జరిగి ఉంది.

గుంట గట్టున అశ్విని కూర్చోనుంది. కాళ్ళు లోపల ఉన్నాయి. గిటారు ఒళ్ళో పడుకోబెట్టి ఉంది.

“అశ్వినీ.”

“అమ్మా... చెయ్యి వదలడంల్యా.”

గుసగుసగా అనింది. ఏడుపు లేదు ఆ గొంతులో. విసుగు ఉంది.

అగ్గిపుల్ల గీసినాను. తీగల మధ్య తెల్లని నూలుపోగు. ఒక తీగ మీదుగా, ఒక తీగ కిందుగా, మళ్ళీ మీదుగా. మొదటి పికప్ దగ్గర మొదలై వేలి మందాన బట్ట అయి ఉంది. అశ్విని కుడి చెయ్యి పోగును దూరుస్తోంది. ఎడమ చెయ్యి తీగల కింద, చెక్క మీద. గుంజుతోంది. గుంజినప్పుడల్లా గుంటలో ఏదో కిందికి దిగి, ఏదో పైకి లేస్తోంది.

ఆరిపోయింది పుల్ల.

దాని ఎడమ చెయ్యి పట్టి లాగినాను. రాలేదు. దాని వేళ్ళ సందున నా వేళ్ళు దూర్చినాను. అక్కడ చెక్క తగలాల. చెక్క తగల్లేదు. ఎండిన అరచెయ్యి తగిలింది. వేళ్ళ మొదట్లో కాయలు. ఆ కాయలు నాకు తెలుసు. ఆమెకి చివరి స్నానం పోసింది నేనే.

ప్రార్థన నోటికి రాలేదు.

“అత్తా... పిల్లను ఇడువు.”

కాళ్ళ చప్పుడు ఆగింది. దేనికోసమో చూస్తున్నట్టుంది. ఇంటి మనిషే నేసి దించాల. అశ్విని పుట్టిన పిల్ల. నేను వచ్చిన కోడలు. ఆమెకి ఎవరైనా ఒకటే కావచ్చు... నేను దాని కుడి చేతిలోంచి పోగు తీసుకున్నాను. దానికి తడి ఉంది.

చీకట్లో ఒక తీగ మీదుగా దూర్చినాను. ఒకటి కిందుగా. మీదుగా. కిందుగా.

చ్.

గుంట లోపలి నుంచి. నాలుకతో.

నా పోగు దానంతటదే వెనక్కి ఊడి వచ్చింది.

మళ్ళీ దూర్చినాను. మళ్ళీ... చ్. ఊడింది. చెమట కళ్ళలో పడుతోంది. తీగలు వేళ్ళను కోస్తున్నాయి. పికప్ అంచు నా గోటి కింద దిగింది. పిల్ల ఇన్నాళ్ళూ పడిన నొప్పి ఇదా అనుకున్నాను. “నాకు రాదత్తా. నేర్పినావా నువ్వు ఎప్పుడన్నా?” అన్నాను, పళ్ళు బిగపట్టి. బతికి ఉన్నప్పుడు ఆ మాట ఆమెతో అననేలేదు.

చ్.

మళ్ళీ దూర్చినాను. ఈసారి ఊడలేదు. చెక్క వచ్చి ఆ పోగును కొట్టింది.

ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. పోగు రెండో పికప్‌కి ఆనేదాకా నేసినాను. ఇంక జాగా లేదు. చేతులు ఆపి విన్నాను. గుంటలో చప్పుడు లేదు. అశ్విని చెయ్యి మెల్లగా వదులై నా ఒళ్ళో పడింది.

ఆ రాత్రి ఇంట్లో పడుకోలేదు. తెల్లారినాక కటింగ్ ప్లేయర్‌తో తీగలు కోసి ఆ బట్టను దించినాను. వేలెడు బట్ట, వంకర టింకర. చెక్క మీద చెయ్యి వేస్తే చాలు, ఊడి వచ్చింది. రెండిటినీ గుంటలో వేసి, పక్కింటోళ్ళను పిలిచి బండ మూయించినాను. చుట్టూ సిమెంటు పూయించినాను.

“ఈ రోజు పోవద్దులే,” అన్నాను.

అశ్విని నన్ను చూసింది. “చోటు పోతాది మా.”

వద్దని గట్టిగా అనలేకపోయినాను. ఆదోనిలో కొత్త తీగలు కొని, గులాం మొహిద్దీన్ దగ్గర వేయించినాము. చెక్క ఏమైందని ఆయన అడిగితే చీలిందన్నాను.

చెక్క లేకుండానే వాయించింది. మొదటి నుంచి చివరిదాకా. నేను ముందు వరుసలో కూర్చొని పాటలు వినలేదు. దాని కాళ్ళే చూసినాను. కదల్లేదు. జోయల్ వచ్చి, “ఇంక ప్రతి కూటానికీ నువ్వే రావాల,” అన్నాడు. చాన్నాళ్ళకి మా పిల్ల పళ్ళు కనబడేటట్టు నవ్వింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. గిటారు సంచి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

“వేళ్ళు ఎట్లుండాయి? మంట పుడతాందా?”

“లేదు మా. ఈ రోజు అస్సలు నొప్పి లేదు. మెత్తగా ఉండింది.”

చెక్క తీసేసినాము కదా అనబోయి ఆగిపోయినాను. సంచి జిప్పు కొంచెం తీసి లోపల చెయ్యి పెట్టినాను. మొదటి పికప్ తగిలింది. దాని పక్కన తీగలు తగలాల.

బట్ట తగిలింది. వేలి మందాన. నేను నేసినట్టు వంకర టింకరగా లేదు, ఒక్క పోగు తప్పలేదు. గంజి ఇంకా తడిగా ఉంది.