గ్లోరీ రొట్టెల జాలి

దేవరాజ్ మోటారుసైకిలు లాంటి బండి ఈ జహీరాబాద్ చుట్టుపక్కల ఇంకొకటి పుట్టలేదు! మొగుడంపల్లి దిక్కు నుంచి పాల క్యాన్లు మోసుకొని తెల్లారకముందే బయలుదేరితే, వానైనా ఎండైనా, కొన్ననాటి నుంచి ఒక్కసారి కూడా నడిదారిలో ఆగిన పాపాన పోలేదు. ముంబై రోడ్డు మీద చెరుకు లారీలు సైతం దాన్ని చూసి పక్కకు జరిగేవంటే నమ్మండి తల్లీ... నమ్మకపోతే మీ ఇష్టం.

అట్లాంటి బండిని ఆర్టీఓ ఆఫీసులో చూపించుకొస్తానని పోయిన దేవరాజ్, ఆ మధ్యాహ్నం దాన్ని వాకిట్లో నిలబెట్టి అరుగు మీద కూలబడ్డాడు. లోపల జొన్నరొట్టె తడుతున్న గ్లోరీ చేతులు ఆగిపోయాయి. మొగుడి అడుగుల చప్పుడును బట్టే అతని మనసులో ఏముందో చెప్పగల ఇల్లాలు ఆమె. ఈ రోజు ఆ అడుగులు ఈడ్చుకుంటూ వచ్చాయి. ప్రభువా, అయిపోయినట్టేనా... అనుకుంది.

బండికి పదిహేనేండ్లు నిండాయి. ఆఫీసరు చూసి బాగుందంటేనే ఆర్సీ గడువు పెరుగుతుంది, లేకుంటే రోడ్డెక్కడానికి లేదు. రోడ్డు మీద పోలీసాయన అప్పటికే ఒకసారి ఆపి, మర్యాదగానే చెప్పి పంపాడు. కొత్త బండి మాటెత్తే ఇల్లు కాదది. పాస్ కాకపోతే బర్రెల్ని అమ్మేసి హైదరాబాద్‌లో ఏదన్నా గోదాముకు కాపలా పోతానని దేవరాజ్ ముందే చెప్పాడు. కూతురు కృప హాస్టల్లో, మొగుడు పట్నంలో, తానూ అత్తమ్మా ఈ ఖాళీ కొట్టంతో... ఆ తలంపు గ్లోరీని కొన్ని రోజులుగా వదలడం లేదు.

అత్త సీతాబాయి ఉండబట్టలేక కొడుకును కదిలించింది. దేవరాజ్ ఒక్కొక్కటే చెప్పాడు. బ్రేకులు పట్టాయట. హెడ్‌లైటు వెలిగిందట, హారన్ మోగిందట. ఒక్క కిక్కుకే బండి అందుకుందట. ఆ మాటకు సీతాబాయి నోరు తెరిచింది.

ఎందుకు తెరిచిందంటారా? మొదట్లో నేను ఆ బండి ఎన్నడూ ఆగలేదన్నాను కదా... ఆగకేం, హాయిగా ఆగేది! వారం గడవకముందే ఏదో ఒక మూల ఆగేది. ప్లగ్గు తుడవాలి, ఒక పక్కకు వంచాలి, నాలుగు తిట్లు తిట్టాలి, అప్పుడు బయలుదేరేది. లారీలు పక్కకు జరిగిన మాట నిజమే, రోడ్డుకు అడ్డంగా ఆగిపోతే జరగక ఏం చేస్తాయి?

అటువంటి బండి ఆ రోజు మాత్రం బుద్ధిగా అన్నిటికీ తలూపింది. ఒక్కదాని దగ్గర చిక్కింది. ప్రియదర్శిని మేడం అనే ఆఫీసరమ్మ ఎడమ పక్కకు వచ్చి, వెనుక చక్రం దగ్గర వంగి, శారీ గార్డు ఏదని అడిగింది. వెనుక కూర్చున్న ఆడవాళ్ల చీర చక్రంలో పడకుండా బిగించే ఇనుప జాలి అది. అక్కడ జాలి లేదు, పాల క్యాను తగిలించే కొక్కెం ఉంది. ఇది పాల బండి మేడం, అన్నాడట దేవరాజ్.

"మీ ఇంట్లో ఆడవాళ్లు ఈ బండి ఎక్కరా?" అందట ఆవిడ. "ఈ జాలి లేకుంటే కొంగు చక్రంలో పడుతుందని తెలియదా మీకు?"

ఆ మాట చెప్పి దేవరాజ్ తల దించుకున్నాడు. సీతాబాయి కూడా ఎటో చూసింది. వంటింట్లో గ్లోరీ కళ్ల ముందు పొయ్యి మసకబారిపోయింది...

కొంగు చక్రంలో పడుతుంది. అవును, పడింది!

కృప చంకలో ఉన్నప్పటి మాట. పాలు ఎక్కువై రెండో క్యాను పెట్టుకోవడానికి దేవరాజ్ ఆ జాలిని విప్పి కొట్టంలో పారేసి కొక్కెం బిగించాడు. కొన్నాళ్లకే చుట్టాల పెండ్లికి చర్చికి పోతుంటే, చిరాగ్‌పల్లి దగ్గరి దిగుడులో ఆమె కొంగు చక్రానికి చుట్టుకుంది. బిడ్డను గుండెకు అదుముకొని గ్లోరీ ఎడమ చెయ్యి మీద పడింది. బిడ్డకు గీత కూడా పడలేదు. ఆమె మణికట్టు విరిగింది. దవాఖానలో చూడవచ్చిన ప్రతి ఒక్కరికీ సీతాబాయి ఒకటే చెప్పింది, మా కోడలికి చీర కుదురుగా చుట్టుకోవడం రాదని. దేవరాజ్ గోడకు ఆనుకొని నిలబడ్డాడే గాని, తప్పు చీరది కాదని ఒక్క మాట... ఒక్కటంటే ఒక్క మాట అనలేదు. ఆ మాట కోసం గ్లోరీ కట్టు విప్పేదాకా ఎదురుచూసింది. ఆ తర్వాత ఎదురుచూడటం మానేసింది.

అప్పటి నుంచి అతను ఎక్కమనలేదు, ఆమె ఎక్కుతాననలేదు. సంతకు పోవాలంటే ఆటోలో పదిమంది నడుమ ఇరుక్కొని పోయేది. ఒక్కోసారి ఆ ఆటో పక్క నుంచే దేవరాజ్ బండి పోయేది, ఆమె కూర్చోవలసిన చోట పాల క్యాను ఊగుతూ. విరిగిన మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. అందుకే ఆమె తట్టిన రొట్టె ఎప్పుడూ ఒక పక్క మందంగా వచ్చేది. దేవరాజ్ ఆ మందమైన పక్కనే ముందు తుంచుకొని తినేవాడు.

మరునాడు దేవరాజ్ మనవాళ్లకు అలవాటైన ఉపాయమొకటి చేశాడు. ఊళ్లోని వీరప్ప బండికున్న జాలిని ఒక్క పూటకు అడిగి తెచ్చాడు. బిగించుకొని చూపించడం, పాసైనాక విప్పి ఇచ్చేయడం, ఊళ్లో చాలామంది చేసేదే! కానీ వీరప్పది వేరే కంపెనీ బండి, బోల్టు రంధ్రాలు కలవలేదు. జహీరాబాద్‌లో సామాన్ల దుకాణాలన్నీ తిరిగాడు. ఆ మోడలే ఎప్పుడో ఆగిపోయింది, దాని జాలి ఇప్పుడెక్కడిదని నవ్వారట. వచ్చి తల్లి పక్కన కూర్చొని, పొద్దున బర్రెలను చూడటానికి మనిషి వస్తాడని చెప్పాడు.

గ్లోరీ పెనం మీది రొట్టెను తీసి జాలి మీద ఆనించింది. అవునమ్మా, ఆ జాలి మీదే! చేతి కట్టు విప్పిన నాడే కొట్టంలోంచి దాన్ని తెచ్చుకుంది. వేడి రొట్టెలు చెమ్మగిల్లకుండా దాని మీద నిలబెట్టేది. ఇన్నేండ్లుగా ఇల్లంతా దాని మీద ఆరిన రొట్టెలే తిన్నారు, ఎవ్వరూ దాన్ని ఆనవాలు పట్టలేదు. మగవాళ్లు రొట్టెను చూస్తారు గాని రొట్టె కిందిదాన్ని చూస్తారా?

ఇప్పుడు దీన్ని ఇస్తే బండి పాసవుతుంది, మొగుడు ఊళ్లోనే ఉంటాడు. కానీ సాయంత్రానికల్లా విప్పేసి మళ్లీ కొక్కెం బిగిస్తే? అప్పుడిక తనకు అక్కడ చోటు లేదని ఖాయమైపోతుంది. ఇవ్వకపోతే ఆ సంగతి ఎప్పటికీ తేలదు, మొగుడు మాత్రం వెళ్లిపోతాడు... కొంగుతో కళ్లు తుడుచుకొని, రొట్టెలను పక్కకు తీసి, జాలిని తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

దేవరాజ్ దాన్ని తిప్పి చూశాడు. బోల్టు రంధ్రంలో వేలు పెట్టి ఆగిపోయాడు. "ఇది ఇంట్లనే ఉన్నదా?"

"నువ్వు పారేసినవ్. నేను తెచ్చుకున్న."

"రొట్టెలకా?"

"రొట్టెల జాలి అంగట్ల దొరకదా, కృప నాయినా? ఎప్పటికన్నా ఒక్క దినం, గ్లోరీ ఆ జాలి ఏది, బిగిస్త అని అడుగుతవని ఉంచుకున్న. నువ్వు అడగలే... నిన్న ఆఫీసరమ్మ అడిగింది." జాలిని అతని దిక్కు జరిపింది. "తీస్కపో. పాసైనంక విప్పుకుంటవో ఏమో, నీ ఇష్టం. బర్రెలను మాత్రం అమ్మకు."

సీతాబాయి మెల్లగా జరిగి వచ్చి, కోడలి ఎడమ చెయ్యి పట్టుకొని, వంకరగా అతికిన ఎముకను బొటనవేలితో నిమిరింది.

"ఆ దినం నువ్వు చీర మంచిగనే కట్టినవ్ బిడ్డా," అంది.

అంతే... ఇన్నేండ్లు గుండెలో గడ్డకట్టింది కరిగి గ్లోరీ కళ్ల నుంచి దిగింది! దేవరాజ్ లేచి పానా తెచ్చాడు. ఎడమ పక్క కొక్కెం విప్పి, రొట్టెల జాలిని దాని పాత చోటులో బిగించాడు. విప్పిన కొక్కెం భార్య చేతిలో పెట్టాడు.

"ఇగ దీన్ని దాచుకో," అన్నాడు. "పాలు రెండు సార్లు తిరిగి పోస్త. నిన్ను ఎక్కుమనెటందుకు నాకు మొఖం లేకుండె గ్లోరీ... రేపు నువ్వు గూడ రా. నువ్వు ఎనక కూసుంటెనే బండి చూపెడ్త."

పొద్దున బర్రెల మనిషి వస్తే సీతాబాయి మజ్జిగ తాగించి పంపేసింది. గ్లోరీ పెట్టెలోని మంచి చీర కట్టి బండెక్కింది. మొదట సీటును, తర్వాత మొగుడి భుజాన్ని పట్టుకుంది. ప్రియదర్శిని మేడం మళ్లీ ఎడమ పక్కకే వచ్చి వంగింది. జాలికి అంటుకున్న జొన్నరొట్టె తునకను గోటితో గీకి చూసి, "ఇది బండా, వంటిల్లా?" అని నవ్వి, పాస్ అని రాసేసింది.

తిరుగుదారిలో సరిగ్గా చిరాగ్‌పల్లి దిగుడు దాటగానే, పాసైన బండి టప్పుమని ఆగిపోయింది! దేవరాజ్ హ్యాండిల్ పట్టాడు, గ్లోరీ వెనుక నుంచి నెట్టింది, పెండ్లి కాని పిల్లలా నవ్వుతూ.

"కొంగు జర పైలం," అన్నాడు దేవరాజ్ వెనక్కి తిరిగి.

"జాలి ఉన్నది గద," అంది గ్లోరీ.

ఇందులో ఇంక నేను కల్పించింది ఒక్కటే తల్లీ. ఆ రొట్టె తునక. ఆఫీసరమ్మకు అక్కడ ఏ తునకా దొరకలేదు, ఆవిడ నవ్వనూ లేదు. ఎట్లా దొరుకుతుంది? కొట్టంలోంచి తెచ్చుకున్న నాటి నుంచి గ్లోరీ ఆ జాలిని ప్రతిరోజూ బూడిద పెట్టి, ఆ వంకర చేత్తోనే, తళతళలాడేదాకా తోమేది.