సంచిలో గ్లాసు

పెద్దేరు గట్టు తెగి చెరకంతా మునిగిన ఏడాది అది. నీళ్ళలో నానితే వచ్చిన జ్వరం పోయింది గానీ, పెదవి మీద పొక్కులు పోలేదు. మానినట్టే మాని మళ్ళీ లేచేవి. చోడవరంలో చర్మం డాక్టరు చూసి లైటు పెట్టించుకోమన్నాడు. తగ్గేదాకా ఒకరి గ్లాసుతో ఒకరు తాగొద్దు, అంటుకుంటుంది అన్నాడు. అందుకే లైటు కోసం ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా నా గ్లాసు సంచిలో పెట్టుకుని వెళ్ళేవాణ్ణి.

పక్క మంచం మీద ఏసుమణి. బుచ్చయ్యపేట మనిషి, భర్త లేడు. బుగ్గల నిండా పులిపిర్లు. ఎన్నిసార్లు తీయించినా మళ్ళీ వచ్చేవట. ఇద్దరికీ కళ్ళకు నల్లద్దాలు పెట్టి, ముఖాల మీద ఎర్రలైటు వేసేవారు.

"ఉన్నారేటి పరదేశిగారూ?" అని నా పేరు పెట్టి పలకరించేది.

"ఊఁ."

"ఆ ఊఁ కూడా కరెంటుంటేనే వస్తాదేటి?"

నవ్వితే పెదవి చిట్లేది. అయినా నవ్వేవాణ్ణి. మా ఆవిడ పోయాక నాతో అంత మాట్లాడిన మనిషి లేదు. పొక్కులు మానిపోతే ఈమె ఇక కనబడదు కదా అని బెంగగా ఉండేది.

ఒక వానపూట బెంచీ మీద కూర్చున్నాం. ఆమె ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చింది. నేను సంచిలోంచి గ్లాసు తీశాను.

ఆమె ముఖం మాడిపోయింది.

"మా మూత మైలేటి? మా అయ్యకి మీవోళ్ళు ఏరే గ్లాసు ఎట్టేవోరు. ఇప్పుడు మీరే మోసుకు తిరుగుతన్నారా?"

టీ మళ్ళీ ఫ్లాస్కులో వంపేసింది.

లైటు కింద పడుకున్నాం. ఒళ్ళంతా అలసట. ఇంటికి పోయి పడుకుంటే చాలనిపించింది. కానీ ఇప్పుడు ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఇంతే.

"ఏసుమణీ, మైల కాదు. నా పొక్కు నీకంటుకుంటాదని డాక్టరు సెప్పేడు."



"ఆ ముక్క అప్పుడే నోటితో సెప్పొచ్చు కదా!"

"నోరే కదా నొప్పి."

ఆమె నవ్వింది. అద్దాలుండి ఆ నవ్వు చూడలేకపోయాను.

"మా ఇంట్లో పొద్దున్నే చోడి అంబలి కాస్తాను. మానేక రండి."

"మానేదాకా ఆగాలేటి?"



మర్నాడు మొదటి బస్సుకే బుచ్చయ్యపేట వెళ్ళాను. ఆమె కుండలోని రాగి అంబలి నా గ్లాసులో పోయించుకుని, వీధంతా చూస్తుండగా ఆమె అరుగు మీద కూర్చుని తాగాను. గ్లాసు కడిగి, ఆమె గ్లాసుల పక్కనే, వాటికి తగలకుండా బోర్లించాను.

"గ్లాసు మర్సిపోతన్నారు," అంది.

"నేదు," అన్నాను. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాను.