పసుపు పెట్టిన దవడ

దోహా, 1976, మే నెల. మిట్టమధ్యాహ్నం. విమానాశ్రయం కార్గో షెడ్డులో ఒకేలాంటి పన్నెండు పెట్టెలు. అన్నిటి మీదా ‘డ్రిల్లింగ్ శాంపిల్స్’ అనే రాత. ఇంకో అరగంటలో విమానం లేస్తుంది. ఫోర్మన్ వేషంలో ఉన్న ఏజెంట్ ఇక్రాముద్దీన్‌కు ఒళ్ళు మండిపోతోంది. ఎండ ఒక్కటే కారణం కాదు.

ఢిల్లీ బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో ముగిసింది. “గోదావరి ఒడ్డున డాక్టర్ సావిత్రి పదకొండేళ్ళు తవ్వి తీసిన రాక్షసబల్లి దవడ మాయమైంది. ఆమెతో పోటీపడి ఓడిన ఐరోపా ప్రొఫెసర్ ముఠా పనే. దోహా దాటిందంటే దానికి వాడి పేరే పడుతుంది. ఆపు.”

ఆపడానికిచ్చిన ఆయుధం ఒక వాచీ. శిలాజంలోని యురేనియం పసిగట్టి మోగుతుందట. దిగిన రోజే ఇసుక దూరి చచ్చింది. కస్టమ్స్ ఆఫీసరేమో ఒకటే మాట: “వాహిద్ పెట్టె, బస్. ఒక్కటే విప్పుతా. లోపల లేకపోతే జైలుకు నువ్వు.”

డ్రిల్లింగ్ కంపెనీ సెక్రటరీ నఫీసా అత్తరు ఘుమఘుమలతో వచ్చింది. అటు ముఠాకూ ఇటు ఢిల్లీకీ పనిచేసే మనిషి, ఏ ఎండకా గొడుగు పట్టే రకం.

“చాయ్‌లో ఇలాచీ ఎక్కువైంది,” అంది. అది కోడ్.

“చక్కెర తక్కువైంది. ఏ పెట్టె?”

“ఏడోది, భాయ్. నా మీద నమ్మకం లేదా?”

లేదు. కానీ వేరే దారీ లేదు. మూడు వారాల తిప్పలు చివరికి ఈమె నవ్వు మీద ఆధారపడ్డాయే అని పళ్ళు కొరుక్కున్నాడు. ఆఫీసర్ని పిలవబోతూ ఆగాడు.

పెట్టెలు మోస్తున్న నిర్మల్ ఊరి కూలీ పోశన్న మూడో పెట్టె దగ్గర చెప్పులు విడిచాడు. కాలే సిమెంటు మీద ఉత్త కాళ్ళతో నిలబడి దాన్ని ఎత్తుతున్నాడు.

“చెప్పులెందుకు ఇడిసినవ్?”

“పొద్దుగాల దీని మూత ఊడితే నేనే మేకులు కొట్టిన సాబ్. లోపలి రాయికి పసుపు, బొట్టు ఉన్నయ్. మా దిక్కు నేలల దేవుడు బయటపడితే గట్లనే పెడ్తరు. చెప్పులతోని ఎట్ల ముట్టుకుంట?”

“పొద్దటి సంది పక్కనే ఉన్న. చెప్పొద్దా?”

“మీరడగలే గద సాబ్.”

సావిత్రి కూలీలు తవ్విననాడు పెట్టిన పసుపు. ముఠావాళ్ళు మట్టి మరకనుకుని వదిలేసినట్టున్నారు.

“మూడోది విప్పండి,” అన్నాడు ఇక్రాముద్దీన్. విమానం ఇంజన్లు మొదలయ్యాయి. మూత లేచింది. పచ్చటి పసుపులో వరసగా పళ్ళు. నఫీసా నవ్వు ఆగిపోయింది. ఇక్రాముద్దీన్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రం ఢిల్లీ టెలిగ్రాం: “భేష్. వాచీ బాగా పనిచేసిందన్నమాట.”

ఆ గందరగోళంలో పోశన్న చెప్పులు ఎవరో ఎత్తుకుపోయారు. ఇక్రాముద్దీన్ జవాబు రాశాడు: “వాచీ తిప్పి పంపుతున్నాను. బదులుగా ఎనిమిదో నంబరు చెప్పులు పంపండి.”